కారు వెనక రాక్ మీద పెట్టిన సైకిళ్లు రాక్‌తో సహా పోయాయి. తాళం ఎక్కడ వేయాలి?

గండిపేట సవారీ | హైదరాబాద్ | శనివారం ఉదయం 11:20

నమస్తే అందరికీ. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. మొదటి పోస్టు ఇలాంటిది అవుతుందని అనుకోలేదు.

గురువారం మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి లంబసింగి బయల్దేరాం. నేను, మా ఆవిడ, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి. తెల్లారకముందే ఆ మంచులో సైకిల్ తొక్కాలని పోయిన చలికాలం నుంచీ అడుగుతోంది. మాది చిన్న హ్యాచ్‌బ్యాక్. డిక్కీ అంచులకి కొక్కేలు తగిలించి, బెల్టులు లాగి బిగించే రాక్ ఒకటి కొన్నాను. దాని మీద నా హైబ్రిడ్ సైకిల్, అమ్మాయి గేర్ సైకిల్. రెండిటినీ రాక్ గొట్టంతో కలిపి నంబర్ లాక్ కేబుల్ వేశాను.

ఘాట్ కింద ఊళ్లో లాడ్జికి చేరేసరికి రాత్రి పన్నెండున్నర. గది రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు. "గేటు వేసేస్తాం సార్, ఏం కాదు" అన్నాడు వాచ్‌మన్. ఒళ్లు హూనమైపోయి ఉన్నాం, సైకిళ్లు దింపలేదు. నాలుగింటికి కిందికి వచ్చి చూస్తే డిక్కీ అంచుకి రెండు కొక్కేలు వేలాడుతున్నాయి, మిగతావి నేల మీద. ఒక్కోదానికి జానెడు బెల్టు ముక్క. బ్లేడుతో కోసి, రాక్‌నీ సైకిళ్లనీ ఒకే మూటలాగా ఎత్తుకుపోయారు. కేబుల్ తాళాన్ని ముట్టుకునే పని కూడా పడలేదు వాళ్లకి.

స్టేషన్‌లో కాగితం తీసుకున్నారు. "జీడీలో రాశాం, దొరికితే ఫోన్ చేస్తాం" అన్నారు. జీడీ అంటే స్టేషన్‌లో రోజూ రాసే జనరల్ డైరీ అట. అమ్మాయి దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు.

నాకు తెలియాల్సినవి మూడు. రాక్‌ని కారుకి కట్టేయడం ఎలా? ఏ తాళం కొనాలి? ఎఫ్ఐఆర్ కోసం గట్టిగా అడగొచ్చా?

బెజవాడ రైడర్ | విజయవాడ | 11:41

అయ్యో అన్నా. మా ఊరి మీదుగానే వెళ్లారు, తెలిసుంటే రాత్రికి మా ఇంట్లోనే ఆగమనేవాణ్ణి. ఫొటోలు, ఫ్రేమ్ నంబర్లు పెట్టండి. ఇక్కడ సెకండ్ హ్యాండ్ సైకిళ్లు అమ్మే నాలుగు షాపులు తెలుసు, నేనే తిరిగి చూస్తాను.

గండిపేట సవారీ | 11:58

ఫొటోలు పెట్టాను తమ్ముడూ. ఫ్రేమ్ నంబర్ ఎక్కడుంటుందో కూడా నాకు తెలియదు.

స్పానర్ బాబాయ్ | హన్మకొండ | మధ్యాహ్నం 12:30

నేను ముప్పై ఏండ్ల సంది సైకిల్ షాపు నడుపుతున్న. రాక్‌లు బిగించుడు గూడ మా పనే. మీ అసుంటోళ్లు ఏడాదికి ఇద్దరు ముగ్గురు వస్తరు నా దగ్గరికి, అందరిదీ ఒకటే తప్పు. అది మీ తప్పు కాదు, అమ్మినోడు చెప్పకపోవుడు.

జెర నిమ్మళంగ చూడున్రి. మధ్యల మూడు అతుకులు ఉంటయ్. కారుకు రాక్, రాక్‌కు సైకిల్, సైకిల్‌కు దాని చక్రం, సీటు. మీరు నడిమి అతుకుకు తాళం ఏసిన్రు. దొంగ మొదటి అతుకు తెంపిండు. బెల్టు నైలాన్‌ది, కూరగాయల చాకుకు గూడ ఆగదు. కొయ్యకపోయినా బకిల్ వత్తితే ఊడి వస్తది. ఆ రాక్ సైకిల్‌ను మోసెటందుకు చేసింది, కాపాడెటందుకు కాదు.

అందుకే బెల్టు రాక్ ఉన్నోళ్లకు నేను చెప్పేది ఒకటే. రాక్‌ను మర్చిపోండి. గొలుసు తీస్కోండి, సైకిల్ ఫ్రేమ్ ముక్కోణంల నుంచి పోనిచ్చి తిన్నగ *కారుకే* కట్టున్రి. రాక్ గొట్టం గూడ ఆ గొలుసు లోపలికి వస్తే మంచిదే. రాకున్నా ఫర్వాలేదు.

ఫ్రేమ్ నంబర్ అంటరా, సైకిల్‌ను తలకిందులు చేస్తే పెడల్ ఇరుసు ఉండే గొట్టం అడుగున గుద్ది ఉంటది. సైకిల్ లేదు కాబట్టి బిల్లు, వారంటీ కార్డు ఎతకండి. మంచి షాపోడైతే కార్డు మీద రాసి ఇస్తడు. లేకుంటే ఆ షాపుకు ఫోన్ కొట్టండి, స్టాకు పుస్తకంల ఉండొచ్చు. ముందు ఆ పని చెయ్యున్రి.

కొత్త సైకిల్ | గుంటూరు | 12:52

బాబాయ్, కారుకి కట్టాలంటే ఎక్కడ కట్టాలి? మా కారు బయట చూస్తే అంతా ప్లాస్టిక్ బంపరే.

స్పానర్ బాబాయ్ | 1:10

వెనక బంపర్ కిందికి వంగి చూడు బిడ్డా. చానా కార్లకు ఇనుప కొక్కెం ఒకటి ఉంటది, కారు ఆగిపోతే తాడు కట్టి గుంజెటందుకు. అది చాసిస్‌కు వెల్డింగ్ చేసి ఉంటే గంత గట్టిది ఇంకోటి లేదు. గొలుసు అందుల నుంచి పోనియ్యి.

కొన్ని కొత్త కార్లకు కొక్కెం ఉండదు. బంపర్ మీద చిన్న మూత తీస్తే మరల గుంత ఉంటది. జాకీ సామాన్లతోటి ఇచ్చిన కన్నుబోల్టును అందుల తిప్పుడే. దాన్ని అంతగ నమ్మొద్దు. తిప్పి పెట్టినదాన్ని తిప్పి తియ్యొచ్చు కద.

ఫ్రీమాంట్ తెలుగోడు | కాలిఫోర్నియా | 1:34

ఇక్కడ అర్ధరాత్రి దాటింది, నిద్ర పట్టక చదువుతున్నా. నాకూ ఇదే జరిగింది, నాలుగేళ్ల క్రితం. లోకం వేరు, కథ ఒకటే.

మా దగ్గర బెల్టు రాక్‌లు తక్కువ. కారు వెనక చాసిస్‌కి చదరపు గొట్టం బిగిస్తారు, హిచ్ అంటారు. రెండంగుళాలదీ ఉంటుంది, ఒకటింపావు అంగుళానిదీ ఉంటుంది. రాక్ కాడ ఆ గొట్టంలోకి దూరుతుంది, అడ్డంగా ఒక పిన్ను పడుతుంది. రాక్‌తో వచ్చే పిన్నుకి చివర సన్న తీగ క్లిప్పు ఉంటుంది, చేత్తో లాగితే వచ్చేస్తుంది. నేను సైకిళ్లకి మంచి యూ లాక్‌లు, అంటే యూ ఆకారంలో వంచిన ఉక్కు కడ్డీ తాళాలు, వేశాను. పిన్ను సంగతి నా బుర్రకి తట్టనే లేదు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రాత్రికి రాత్రి రాక్, రెండు సైకిళ్లు, రెండు యూ లాక్‌లు కలిపి లాక్కుపోయారు. మీ పోస్టు చదువుతుంటే ఆ పొద్దున్న మళ్లీ కళ్ల ముందు కనిపించింది సవారీ గారూ.

ఇప్పుడు చేస్తున్నవి చెబుతాను. తాళం ఉన్న హిచ్ పిన్ను వేశాను. కొనేటప్పుడు లావు చూసుకోవాలి, రెండంగుళాల గొట్టానికి అయిదు బై ఎనిమిది అంగుళం, ఒకటింపావు దానికి అర అంగుళం. దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడను. హిచ్ గొట్టానికి రెండు పక్కలా ట్రెయిలర్ల భద్రతా గొలుసుల కోసం వెల్డింగ్ చేసిన కన్నాలు ఉంటాయి. అవి బాబాయ్ చెప్పిన కొక్కెం లాంటివే. నా గొలుసు ఆ కన్నంలోంచి మొదలై, రాక్ కాడ చుట్టూ తిరిగి, రెండు ఫ్రేముల్లోంచి వచ్చి మళ్లీ అక్కడే ముగుస్తుంది. ఇప్పుడు పిన్ను తీసినా రాక్ బయటికి రాదు.

ఇంకోటి, రాక్ తాళాల ముఖం మీద చూడండి. కొన్ని కంపెనీలు కీ నంబర్ అక్కడే ముద్రిస్తాయి. ఆ నంబర్ చెబితే డూప్లికేట్ కీ ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. నంబర్ ఇంట్లో రాసి పెట్టుకుని, తాళం మీద అరగదీసేయండి.

నిర్వాహకుడు | 1:50

ఈ చర్చను పైకి పిన్ చేశాను. సవారీ గారి ఫొటోల్లో కారు నంబర్ కనిపిస్తోంది, దాన్ని మసక చేశాం. రాక్ ఫొటోలు పెట్టేవాళ్లు ఇల్లు, కారు నంబర్ కనబడకుండా చూసుకోండి.

పెడల్ అక్క | విశాఖపట్నం | సాయంత్రం 4:05

సవారీ గారూ, చాలా బాధగా ఉంది. లంబసింగి మాకు పెరటి చెట్టు లాంటిది. మా కొండల కింద మీకిలా జరిగిందంటే నాకే తలవంపుగా ఉంది.

తాళాల గురించి పెద్దవాళ్లు చెబుతున్నారు కదా, నేను అలవాట్ల గురించి రాస్తాను. నేను బ్రెవేలు, అంటే గడువు పెట్టిన దూరపు సైకిల్ రైడ్లు, తొక్కుతాను. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 600కి 40 గంటల గడువు ఉంటుంది. ఆ రైడ్ల మొదలు ఎక్కువగా తెల్లవారుజామునే, అందుకే ముందు రోజు రాత్రి కారులో వేరే ఊరు చేరుకుని లాడ్జిలో పడుకోవడం మాకు మామూలు. ఇన్నేళ్లలో ఒక్క రాత్రి కూడా సైకిల్‌ని కారు మీద వదల్లేదు. గదిలోకే తీసుకెళ్తాను. మూడో అంతస్తయినా, లిఫ్ట్ లేకపోయినా.

"లాడ్జి వాళ్లు ఒప్పుకోరు" అంటారు చాలామంది. బుకింగ్ చేసే రోజే ఫోన్‌లో అడిగేస్తాను. ఒప్పుకోకపోతే వేరే లాడ్జి. చేరాక రాత్రి పన్నెండున్నరకి కౌంటర్ దగ్గర వాదించే ఓపిక ఎవరికీ ఉండదు, దొంగకి కావలసింది కూడా అదే. పాత దుప్పటి ఒకటి కారులో ఉంచుతాను. చక్రాలు తుడిచి, దుప్పటి పరిచి, దాని మీద పెడతాను. గోడలకీ టైల్స్‌కీ మరక అంటలేదని చూశాక రెండోసారి వాళ్లే రమ్మంటారు. గది మరీ ఇరుకైతే ముందు చక్రం విప్పి మంచం కిందికి తోస్తాను.

గదిలోకి ససేమిరా కుదరనప్పుడు రాక్ మీంచి దింపి కారు లోపల పెట్టండి. హ్యాచ్‌బ్యాక్‌లో వెనక సీటు మడిచి, ముందు చక్రాలు తీస్తే రెండు సైకిళ్లు పడతాయి, నేను పెట్టి చూశాను. పైన ముదురు రంగు దుప్పటి కప్పండి. అద్దం పగలగొట్టడానికి శబ్దం అవుతుంది, బెల్టు కోయడానికి అవ్వదు.

కొత్త సైకిల్ | 4:20

అక్కా, మరి టీ తాగడానికి ఆగితే? ప్రతిసారీ దింపలేం కదా.

పెడల్ అక్క | 4:48

టీకి దింపక్కర్లేదు తమ్ముడూ. కారుని రివర్స్ చేసి వెనక భాగం గోడకి ఆనుకునేంత దగ్గరగా పెట్టు. సైకిల్ బయటికి లాగడానికి చోటే ఉండకూడదు. గోడ లేకపోతే హోటల్ ముందు, మనం కూర్చునే బల్ల నుంచి సైకిళ్లు కనిపించేలా పెట్టు. చెట్టు నీడ చూసుకుని దూరంగా పెట్టడం, లారీల వెనక పెట్టడం వద్దు. ఇద్దరుంటే ఒకరి తర్వాత ఒకరు బాత్రూమ్‌కి వెళ్లండి. ఒక్కడివే అయితే గొలుసు వేశాకే కారు దగ్గర్నుంచి కదులు, అయిదు నిమిషాలే కదా అనుకోకు.

లైట్లు, సైకిల్ కంప్యూటర్, సీటు కింద సంచి, పంపు ఇవన్నీ ఇంట్లోనే విప్పి కారులో పెట్టుకో. తాళం ఎంత గట్టిదైనా వాటిని కాపాడదు.

బెజవాడ రైడర్ | 5:15

గదిలోకి తీసుకెళ్లడం గురించి అక్కతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను కానీ కారు లోపల పెట్టడం మాత్రం నాకు నచ్చదు. అద్దం పగిలితే సైకిల్‌తో పాటు కారు బాగు చేయించే ఖర్చు కూడా మీద పడుతుంది. బయట మంచి గొలుసుతో ఉంచడమే మేలు అనిపిస్తుంది.

పెడల్ అక్క | 5:31

మంచి గొలుసు అన్నప్పుడు ఎంత మంచిదో చూడాలి తమ్ముడూ. అది బాబాయ్ చెప్పాలి.

స్పానర్ బాబాయ్ | రాత్రి 9:15

ఇయ్యాల సాయంత్రం షాపుల పిల్లగాళ్లను కూసోబెట్టి తెంపి చూసిన. మీరు అడుగుతరని ఎరికే.

వేలంత లావు గూడ లేని కేబుల్ లాక్, నంబర్‌ది, రెండు మూడు వందలకు దొరికేది. చిన్న కేబుల్ కట్టర్‌తోటి ఒక్క కటక్. పైన ప్లాస్టిక్ తొడుగు చూసి లావనుకుంటరు, లోపట తీగ పెన్సిలంత లేదు. నంబర్ చక్రాలు గూడ అంతే, తాళాన్ని గుంజి పట్టుకొని ఒక్కో చక్రం తిప్పుకుంట పోతే చేతికి తెలిసిపోతది. మా పద్నాలుగేండ్ల పిల్లగాడు తీసిండు.

ఇనుప సామాన్ల షాపుల కిలో లెక్కన తూచి ఇచ్చే గొలుసు. ఎనిమిది మిల్లీమీటర్లది గూడ మెత్తటి ఇనుమే, రెండు చేతుల బోల్ట్ కట్టర్‌కు వెన్న లెక్క. చూస్తే మస్తు బరువుంటది, ఆ బరువు మనకు, దొంగకు కాదు.

గట్టిపరిచిన ఉక్కు గొలుసు, కడియాలు గుండ్రంగ కాకుండ పలకలుగ ఉంటయ్, పైన గుడ్డ తొడుగు ఉంటది. పది మిల్లీమీటర్లది, మా దగ్గర ఉన్న పెద్ద కట్టర్ పండ్లు ఒంగినయ్ గని గొలుసు తెగలే. దానికి ఏసే తాళంకప్ప గూడ అంతే గట్టిది కావాలె. గొలుసు మంచిది కొని, కప్ప యాబై రూపాయలది ఏస్తే కప్పనే తెంపుతరు. కప్ప కడ్డీ బయటికి ఎక్కువ కనిపించొద్దు, కట్టర్ మూతి దూరే సందు ఉండొద్దు.

బ్యాటరీ గ్రైండర్ తెచ్చినోడికి మాత్రం ఏదీ ఆగదు. నిమిషంల తెంపుతడు. గని ఊరంత వినపడ్తది, నిప్పురవ్వలు ఎగుస్తయ్. అందుకే లైట్ కింద, మనుషులు పడుకున్న కిటికీ కింద పెట్టుమంటున్న.

లీడ్స్ వాన | ఇంగ్లండ్ | రాత్రి 10:40

బాబాయ్ గారి పరీక్ష చదివి చాలా సంతోషం కలిగింది. ఇక్కడ ఆ పనిని సోల్డ్ సెక్యూర్ అనే సంస్థ చేస్తుంది. తాళాలని పనిముట్లతో కొట్టి, కోసి, ఎంతసేపు ఆగాయో చూసి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అని మెట్లు ఇస్తుంది. ఇండియాలో దిగుమతి తాళం కొనేవాళ్లు పెట్టె మీద ఆ ముద్ర చూసుకోవచ్చు. కంపెనీలు తమకి తామే వేసుకునే "పదిలో ఎనిమిది" లాంటి అంకెలని నేను లెక్కలోకి తీసుకోను, ఒక కంపెనీ ఎనిమిదికీ ఇంకో కంపెనీ ఎనిమిదికీ పొంతన ఉండదు.

గ్రైండర్ విషయంలో చిన్న సవరణ. దాన్ని అరగదీసే పదార్థంతో చేసిన యూ లాక్‌లు ఈ మధ్య వచ్చాయి. హిప్‌లాక్ డీ1000, లైట్‌లాక్ ఎక్స్1 అలాంటివి. కోస్తుంటే గ్రైండర్ బిళ్లే అరిగిపోతుంది. అవి ఖరీదు, పైగా యూ చిన్నది, రాక్ మీద రెండు సైకిళ్లని కలిపి కారుకి కట్టడానికి అందదు. ఇంట్లో గోడకి వేసిన కొక్కేనికి సైకిల్‌ని కట్టడానికి బాగా పనికొస్తాయి.

ఇంకో మాట. వెనక రాక్ మీద సైకిళ్లు ఉంటే నంబర్ ప్లేటు, వెనక లైట్లు కనిపించకుండా పోతాయి. ఇక్కడ అలా వెళ్తే జరిమానా, అందుకే సైకిళ్లకి అవతల ఇంకో ప్లేటు, లైట్ల పట్టీ వేలాడదీస్తాం. అక్కడ కూడా ప్లేటు కప్పితే చలాన్ పడుతుంది. కారు పైన రాక్ అయితే ఆ బెడద లేదు, దొంగకి కూడా అందడం కొంచెం కష్టం.

ఫ్రీమాంట్ తెలుగోడు | 11:20

పైన రాక్ అనగానే ఒక హెచ్చరిక. సైకిల్ పైన ఉందని మర్చిపోయి సెల్లార్‌లోకి నడిపినవాళ్లు నాకే ఇద్దరు తెలుసు. సైకిల్, రాక్, కారు కప్పు మూడూ పోయాయి. స్టీరింగ్ మీద రంగు కాగితం అంటించుకోండి.

తాళం ముఖం గుండ్రంగా, గొట్టం లాంటి కీతో తెరుచుకునేదైతే కొనేముందు ఆలోచించండి. 2004లో క్రిప్టోనైట్ యూ లాక్‌లు కొన్ని మామూలు బిక్ పెన్ను గొట్టంతో తెరుచుకుంటున్నాయని వీడియోలు బయటికొచ్చాయి. అప్పట్లో అవి పేరున్న తాళాలు. కంపెనీ ఉచితంగా మార్చి ఇచ్చింది, ఆ రకం కీని వదిలేసింది. చవక కేబుల్ తాళాల్లో ఆ గుండ్రటి కీ ఇంకా కనిపిస్తూనే ఉంది.

రాజమండ్రి వకీలు | రాజమహేంద్రవరం | ఆదివారం ఉదయం 7:30

సవారీ గారి మూడో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. నేనూ గోదావరి గట్టు మీద రోజూ తొక్కేవాణ్ణే.

గట్టిగా అడగొచ్చు, అడగాలి. అయిదు వేల రూపాయలు, ఆపైన విలువ చేసే సొత్తు దొంగతనం కాగ్నిజబుల్ నేరం, అంటే కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగల నేరం. 2024 జులై 1 నుంచి ఐపీసీ 379 స్థానంలో భారతీయ న్యాయ సంహిత 303 వచ్చింది. కాగ్నిజబుల్ నేరం జరిగిందని మీ ఫిర్యాదు చెబుతుంటే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే, జీడీలో రాసి ఊరుకోవడం సరిపోదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173 సెక్షన్ చూడండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాం. మీరు హైదరాబాద్ వచ్చేశారు కాబట్టి అక్కడి మీ స్టేషన్‌లోనే ఇవ్వొచ్చు. ఈమెయిల్ లాంటి మార్గంలో కూడా పంపొచ్చు, కాకపోతే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో కాదంటే అదే ఫిర్యాదు సారాంశం రాసి ఎస్పీ గారికి పోస్టులో పంపండి, ఆ హక్కు కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది.

ఫిర్యాదులో "రెండు సైకిళ్లు పోయినవి" అని రాసి వదిలేయకండి. కంపెనీ, మోడల్, రంగు, ఫ్రేమ్ నంబర్, కొన్న తేదీ, ధర, గీతలూ స్టిక్కర్లూ రాయండి. బిల్లు నకలు జతచేయండి. లాడ్జి సీసీ కెమెరా రికార్డు భద్రపరచమని కూడా అందులోనే రాయండి. అవి కొన్నాళ్లకి పాతదాని మీద కొత్తది రాసేసుకుంటాయి, ఆలస్యమైతే ఏమీ మిగలదు. ఈ ఒక్క పని ఇవాళే చేయండి.

లాడ్జి మీద కేసు వేయొచ్చా అని నాకు మెసేజ్ చేశారు కొందరు. 2019లో సుప్రీంకోర్టు ఒక హోటల్ కేసులో, వాలే పార్కింగ్‌కి తాళాలు అప్పగించిన కారు పోతే, నిర్లక్ష్యం ఉన్నప్పుడు "పార్కింగ్ యజమాని పూచీ" అనే బోర్డు హోటల్‌ని కాపాడదని చెప్పింది. ఇక్కడ తాళం మీ జేబులోనే ఉంది, సైకిళ్లు బయట ఉన్నాయి. పోలిక దగ్గరిది కాదు. డబ్బూ ఓపికా అక్కడ పెట్టమని నేను చెప్పను.

గండిపేట సవారీ | ఆదివారం ఉదయం 9:05

వకీలు గారూ, మీకు దండాలు. లాడ్జికి ఇప్పుడే ఫోన్ చేశాను, రికార్డు ఉంచుతామన్నారు. మెయిల్ కూడా పెట్టాను, రాతలో ఉండాలని. రేపు పొద్దున్నే మా స్టేషన్‌కి వెళ్తాను.

కొత్త సైకిల్ | 9:40

ఆపిల్ వాళ్ల ఎయిర్‌ట్యాగ్ బిళ్ల పెట్టుకుంటే ఈ తలనొప్పులన్నీ ఉండవు కదా? ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుంది.

ఫ్రీమాంట్ తెలుగోడు | 10:15

నా రెండు సైకిళ్లకీ ఉన్నాయి, కానీ తాళం బదులు కాదు తమ్ముడూ. 2021లో వచ్చిన ఆ బిళ్లలో జీపీఎస్ ఉండదు. దారిన పోయేవాళ్ల ఐఫోన్లు దాని బ్లూటూత్‌ని పట్టుకుని ఎక్కడుందో చెబుతాయి. మా బే ఏరియాలో (శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) అడుగడుగునా ఐఫోన్లే కాబట్టి బాగా పనిచేస్తుంది. లంబసింగి కొండల మీద గంటల తరబడి ఏ కబురూ రాకపోవచ్చు. పైగా తనది కాని బిళ్ల వెంట వస్తోందని దొంగ ఫోన్‌కి కూడా హెచ్చరిక వెళ్తుంది. ఎవరినీ రహస్యంగా వెంటాడకుండా ఆ ఏర్పాటు పెట్టారు, అది ఉండాల్సిందే.

పెడితే బాటిల్ స్టాండ్ కింద దాచే తొడుగులు దొరుకుతాయి. ఇనుప గొట్టం లోపల పెడితే సిగ్నల్ చచ్చిపోతుంది. చుక్క కనిపించిందని ఒక్కడివే ఆ ఇంటి తలుపు కొట్టకు, పోలీసులతో వెళ్లు.

అమెరికాలో ఉన్నవాళ్లు బైక్ ఇండెక్స్ అనే వెబ్‌సైట్‌లో ఫ్రేమ్ నంబర్ ఉచితంగా నమోదు చేసుకోండి. పాత సైకిల్ కొనేవాళ్లు అక్కడ వెతుకుతారు. మీ రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకి ఉండేవాళ్ల సామాను బీమా) కాగితం కూడా ఒకసారి చూడండి. ఇంటి బయట పోయిన సామాను చాలా పాలసీల్లో దాని కిందికే వస్తుంది, కారు పాలసీ కిందికి కాదు. మనం మోయాల్సిన మొదటి మొత్తం ఎంతో చూసుకోకపోతే చేతికేమీ రాదు. నాకు అలాగే అయింది.

గచ్చిబౌలి గాలి | హైదరాబాద్ | 12:10

నేను ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) పక్కన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్‌కి వారాంతాల్లో కారు మీద సైకిల్ తెచ్చుకుంటాను. 23 కిలోమీటర్ల ట్రాక్, నగరం ఇవతలి వైపు నుంచి మాలాంటి వాళ్లం చాలామందిమి రాక్ వేసుకునే వస్తాం. అక్కడ చూసింది చెబుతున్నా. రైడ్ అయ్యాక సైకిళ్లు రాక్ మీద ఎక్కించేసి, టిఫిన్‌కి వెళ్లిపోతారు. ముందు చక్రం క్విక్ రిలీజ్ లివర్‌ది, అంటే పనిముట్టు లేకుండా చేత్తోనే విప్పేది, అయితే సైకిల్ అక్కర్లేదు, పది సెకన్లలో చక్రం పోతుంది. మా స్నేహితుడిది అలాగే పోయింది. లివర్ బదులు అలెన్ కీతో బిగించే ఇరుసు వేయించుకున్నాను, ఖర్చు తక్కువే.

స్పానర్ బాబాయ్ | 1:00

మంచి మాట చెప్పినవు. అలెన్ కీ గూడ అందరి దగ్గర ఉంటది అనిపిస్తే, ఆ బోల్టు గుంతల సైజుకు సరిపడే బేరింగ్ గుండు ఒకటి పెట్టి ఫెవిక్విక్ చుక్క ఎయ్యి. కీ దూరది. నీకు తియ్యాలనిపిస్తే అసిటోన్ పోస్తే వస్తది. రాక్ భాగాలను కలిపే బోల్టులకు గూడ ఇదే చెయ్యొచ్చు. గొలుసు తెంపుడు ఎందుకని రాక్‌నే స్పానర్‌తోటి విప్పే దొంగలుంటరు. కార్బన్ ఫ్రేమ్ ఉన్నోళ్లు గొలుసుకు గుడ్డ తొడుగు లేకుంట ఎయ్యకున్రి, దారిల ఊగి ఊగి గీరుకుపోతది. బండి నడిచేటప్పుడు గొలుసు తీసి లోపట పెట్టుకునుడే మంచిది, ఆగినప్పుడు ఏస్తే సాలు.

బెజవాడ రైడర్ | సోమవారం రాత్రి 8:20

అన్నా, నాలుగు షాపులూ, బుడమేరు అవతల ఇంకో రెండూ తిరిగాను. కనిపించలేదు. ఫొటో ఇచ్చి వచ్చాను. ఫ్రేమ్ నంబర్ దొరికితే అది కూడా ఇస్తాను.

గండిపేట సవారీ | మంగళవారం రాత్రి 9:50

తమ్ముడూ, ఏం చెప్పి నీ రుణం తీర్చుకోను.

అమ్మాయి సైకిల్ నంబర్ దొరికింది. బాబాయ్ గారు చెప్పినట్టే వారంటీ కార్డు వెనక, షాపతని చేతిరాతతో ఉంది. కార్డుని అమ్మాయే తన పుస్తకాల అరలో దాచింది. నా సైకిల్‌ది దొరకలేదు, షాపు మూసేశారు. జీరో ఎఫ్ఐఆర్ అయింది. మొదట కాస్త తటపటాయించారు, సెక్షన్ నంబర్ కాగితం మీద రాసి చూపించాక ఎస్సై గారే కూర్చోబెట్టి మర్యాదగా రాసుకున్నారు. నకలు చేతికిచ్చారు. లాడ్జి రికార్డులో రెండూ యాభైకి ఇద్దరు, ఒక ట్రాలీ ఆటో కనిపించాయట. అది అక్కడి స్టేషన్‌కి పంపారు.

పెడల్ అక్క | 10:05

అమ్మాయికి చెప్పండి, జనవరిలో మేం ఆరుగురం ఆడవాళ్లం లంబసింగి ఎక్కుతున్నాం. నా పాత సైకిల్ ఒకటి ఖాళీగా ఉంది, తన ఎత్తుకి సరిపోతుంది. మీ ముగ్గురూ ముందు రోజు విశాఖ వచ్చి మా ఇంట్లో దిగండి. లాడ్జి మాటే వద్దు.

గండిపేట సవారీ | 10:40

అక్కా, తనకి చదివి వినిపించాను. "ఆంటీ సీటు ఎత్తు ఎంతో అడుగు నాన్నా" అంది. అయిదు రోజుల తర్వాత సైకిల్ మాట ఎత్తడం ఇదే.

మేం కూడా సొంత సైకిళ్లు మళ్లీ కొంటాం, కాస్త టైమ్ పడుతుంది. ఈలోగా అదే రకం బెల్టు రాక్ పాతది ఒకటి స్నేహితుడు ఇచ్చాడు. పది మిల్లీమీటర్ల గట్టి గొలుసు, మీటరున్నర పొడవుది కొన్నాను. మా కారు వెనక బంపర్ కింద వెల్డింగ్ చేసిన కొక్కెం ఉంది, ఇన్నేళ్లుగా చూడనే లేదు. పక్కింటి వాళ్ల సైకిళ్లు అడిగి తెచ్చి ఎక్కించి చూశాను. ఫొటో పెడుతున్నాను, బాబాయ్ గారు ఒకసారి చూసి చెప్పాలి.

స్పానర్ బాబాయ్ | బుధవారం ఉదయం 6:50

చూసిన. గొలుసు పోయిన దారి మంచిగున్నది, రెండు ఫ్రేములల్లకెళ్లి వచ్చింది. రెండు మాటలు చెప్త. తాళంకప్ప నేలకు ఆనుతున్నది. నేలకు ఆనితే సుత్తితోటి కొడ్తరు. గొలుసును ఇంకో చుట్టు తిప్పి కప్పను రెండు సైకిళ్ల మధ్యకు, పైకి తీస్కరా.

రెండోది. ఎడమ పక్క సైకిల్ వెనక టైరు సైలెన్సర్ మూతికి తిన్నగ ఉన్నది, జానెడు గూడ లేదు. విశాఖ చేరేసరికి ఆ వేడికి టైరు కరుగుతది. సైకిళ్లను ఎదురు బొదురు తిప్పి, టైరును కుడి పక్కకు పెట్టి ఇంకో ఫొటో తీయి.